వేరే ఇంటి మెట్లు

మూడింటికి కింద వీధి తలుపు తెరుచుకుంది. సందర్శకుల బూట్ల చప్పుడు, ఆ వెనకే భర్త మలాకీ గొంతు. పై అంతస్తులో కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్న డింప్నాకి ఆ గొంతు నేలచెక్కల సందుల్లోంచి పక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది. వినక్కర్లేదు కూడా. ఏళ్ళ తరబడి వింటున్న పాఠమే. ఏ మాట దగ్గర ఆగి దగ్గుతాడో, ఏ మాట దగ్గర కళ్ళజోడు తుడుచుకుంటాడో ఆమెకి కంఠతా వచ్చు.

"నలుగురు జార్జి రాజులు ఒకరి తర్వాత ఒకరు ఏలిన రోజుల్లో కట్టిన ఇల్లండీ ఇది. బయటి నుంచి చూస్తే ఏముంది? ఎర్ర ఇటుక గోడ, వరసగా కిటికీలు, గుమ్మం మీద విసనకర్రలా పరుచుకున్న ఓ అద్దం. అంతే! అప్పటి గొప్పవాళ్ళు వీధికి గోడ చూపించి, సొగసంతా లోపల దాచుకునేవాళ్ళు."

"పెళ్ళాన్ని కూడా దాచుకోవచ్చు, చోటు బాగానే ఉంది," అంది డింప్నా కిటికీతో.

"ఇటు రండి. ఈ మెట్ల వరస చూశారూ? ప్రతి మెట్టు అంచునా చెక్కిన ఆ తీగ చూడండి. ఇంటితోపాటే పుట్టిన మెట్లు ఇవి. ఒకసారి రెయిలింగు మీద చెయ్యేసి చూడండి. రెండు వందల ఏళ్ళకి పైగా ఎన్ని చేతులు దీన్ని పట్టుకుని ఉంటాయో!"

"అబద్ధం," అంది డింప్నా. ఆ మాట ఎవరికీ వినపడలేదు. కిందినుంచి పైకి వినపడినంత బాగా పైనుంచి కిందికి వినపడదు ఆ ఇంట్లో.

ఆ మెట్లు ఆమె దిగి చాలా కాలమైంది. నిరుడు అక్టోబరులో, చివరి మలుపు దగ్గర కాలు జారి కిందపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషనయ్యాక అంబులెన్సువాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసుకొచ్చారు. "ఇక ఈ మెట్లు మీకు పడవమ్మా," అని డాక్టరు చెప్పి వెళ్ళాడు. అంతే, ఆ రోజు పైకొచ్చిన మనిషి మళ్ళీ కిందికి దిగలేదు. చలికాలం వచ్చింది, పోయింది. లిమరిక్‌లో చెల్లెలు బ్రీజ్ పోతే అంత్యక్రియలకి కూడా వెళ్ళలేకపోయింది. ఎవరో ఫోను పట్టుకుంటే చర్చిలో పాటలు ఇక్కడినుంచి వింది. ఆవేళ ఏడుస్తూ ఆమె అనుకున్నది ఒక్కటే: ఈ ఇంట్లోంచి నేను బయటికి పోవడమంటూ జరిగితే అది నా అంతట నేను పోవడం కావాలి, నలుగురు మోసుకెళ్ళడం కాదు.

కింద పడుకోవచ్చు కదా అని అడిగినవాళ్ళున్నారు. వాళ్ళకేం తెలుసు! స్నానాలగదీ వంటిల్లూ పైనే ఉన్నాయి. కింద ముందుగదీ వెనకగదీ ప్రదర్శనకి పెట్టినవి. ఇంటి కప్పు బాగుచేయడానికి గ్రాంటు తీసుకున్నప్పుడు, ఆ రెండు గదుల్నీ పాతకాలం పద్ధతిలో ఉంచి జనానికి చూపిస్తామని మలాకీ సంతకం పెట్టాడు. కొత్తగా ఒక కుళాయి బిగించాలన్నా అనుమతి కావాలి. రక్షిత కట్టడం అంటే అంతే. గోడలు, తలుపులు, గొళ్ళేలు, చెయ్యి వేసిన ప్రతిదీ రక్షణలోనే ఉంటుంది. ఒకసారి డింప్నా నోరు తెరిచి "ముందుగదిలో నాకు ఓ మంచం వేయించు" అని అడిగింది. "వేసవి అయిపోనీ, సందర్శకులు తగ్గనీ," అన్నాడు. పాత సోఫాలకి తాడు కట్టి, ఎవరూ కూర్చోకుండా చూసుకునే గది అది. భార్య పడుకోడానికి ఎందుకు పనికొస్తుందిలే అని ఆమెకి ఒళ్ళు మండింది. మళ్ళీ అడగలేదు.

సందర్శకులు వెళ్ళాక వీధిలోంచి కేక వినిపించింది.

"ఏమే మహారాణీ! ఉన్నావా, పోయావా?"

డింప్నా కిటికీ చెక్కని పైకి నెట్టి తల బయటపెట్టింది. కింద పేవ్‌మెంటు మీద కన్సెప్టా, పాల సీసా ఉన్న సంచీ పట్టుకుని, తల పైకెత్తి నిలబడి ఉంది. ఎదురు ఫ్లాట్లలో ఉంటుంది. డింప్నాకంటే రెండేళ్ళు పెద్ద, నోరు మాత్రం పదేళ్ళు చిన్న.

"ఉన్నానే. ఎక్కడికి పోతాను? పోవడానికి కూడా పర్మిషన్ కావాలిట."

"నేను పుట్టిన గదిలో కూర్చుని నాకే దర్జా చూపిస్తున్నావు. ఆ మూలే తెలుసా, ఇప్పుడు నీ పియానో ఉన్న చోటే, మా అమ్మ నన్ను కన్నది. పక్క మూల మా పిన్ని వాళ్ళు. మధ్యలో దుప్పటి కట్టేవాళ్ళు."

"తెలుసులే, వందసార్లు చెప్పావు."

"నూట ఒకటోసారి విను, ఏం పనుంది నీకు?"

కన్సెప్టా చెప్పింది నిజమే. దొరలు వెళ్ళిపోయాక ఆ ఇల్లు గదికొక కుటుంబం లెక్కన పేదవాళ్ళతో నిండిపోయింది. డింప్నా కూర్చున్న ఈ హాల్లోనే, గచ్చుతో చేసిన పక్షులున్న ఈ పైకప్పు కిందే, కన్సెప్టా వాళ్ళు తొమ్మిదిమంది పెరిగారు. మంచు మోకాళ్ళ దాకా కురిసిన ఒక చలికాలం బొగ్గు దొరక్క, కింది మెట్ల వరసని ఊడబెరికి పొయ్యిలో పెట్టుకున్నారు. నిచ్చెన వేసుకుని ఎక్కీ దిగీ వాళ్ళు కొన్నేళ్ళు గడిపారు. "మా నాన్న అనేవాడు, దొరల చెక్క మహా బాగా మండుతుందని," అంటుంది కన్సెప్టా. మలాకీ ముందు మాత్రం ఈ మాట అనదు. అంటే ఆయన మొహం చూడలేమని.

"గురువారం వస్తోందిట కదా ఆ కట్టడాల ఆఫీసు అమ్మాయి?" అడిగింది కన్సెప్టా.

"వస్తోంది. మెట్లు చూసి చెప్తుందిట, మెట్ల వెంట కరెంటుతో ఎక్కి దిగే కుర్చీ పెట్టుకోవచ్చో లేదో."

"పెట్టుకోమంటే?"

"పెట్టుకోమంటే ఆ కుర్చీలో కూర్చుని దిగి, రోడ్డు దాటి, నీ ఇంటికొచ్చి, నీ చేతి టీ తాగుతాను. ఎంత చేదుగా ఉన్నా సరే."

"మా దగ్గర లిఫ్టుంది. కంపు కొడుతుందిగానీ నడుస్తుంది. మీ ఆయన దాన్ని ఆపించాలని చూశాడు, జ్ఞాపకముందా? లిఫ్టుని కాదులే, మొత్తం ఫ్లాట్లనే!"

ఎందుకు జ్ఞాపకం లేదు? ఎదురు వరసలో ఇలాంటి ఇళ్ళే ఉండేవి. మలాకీ టార్పీ, డింప్నా ఈ ఇల్లు కొన్న వసంతంలోనే ఫ్లాట్లు కట్టేవాళ్ళు వాటిని కూల్చడం మొదలుపెట్టారు. అప్పుడు తొమ్మిదో నంబరు ఇంట్లో బైఠాయించినవాళ్ళలో డింప్నా కూడా ఉంది. దుప్పట్లు కప్పుకుని, ఫ్లాస్కులో టీ పెట్టుకుని, పగలూ రాత్రీ కూర్చుంది. చివరికి ఇద్దరు మనుషులు ఆమెని ఎత్తుకొచ్చి పేవ్‌మెంటు మీద కూర్చోబెట్టారు. ఆ లోపే మలాకీ, బొగ్గుల బండివాడూ కలిసి తొమ్మిదో నంబరు మెట్లని చెక్కచెక్కగా విప్పి రోడ్డు దాటించేశారు. ఇక్కడ కాలిపోయిన మెట్ల చోట వాటిని అమర్చారు. ఒకే మేస్త్రీ కట్టిన ఇళ్ళు కాబట్టి అంగుళం తేడా లేకుండా కుదిరాయి. ఆ చెక్కుడు తీగల మీద పేరుకున్న రంగుని, పొరమీద పొర, డింప్నా చెంచా కాడతో, పళ్ళడాక్టరు పారేసిన పరికరంతో మూడు చలికాలాలు కూర్చుని గీకింది. అప్పుడామె వేళ్ళ నిండా పుళ్ళు. వాటిని చూసుకుని గర్వపడేది.

ఎవరో పెద్దమనిషి చూడ్డానికొచ్చి, "ఆహా, ఇంటితో పుట్టిన మెట్లు!" అన్నాడు. మలాకీ కాదనలేదు. ఆ తర్వాత ఆయనే అనడం మొదలుపెట్టాడు. తర్వాత పుస్తకం రాశాడు, అట్ట మీద ఆ మెట్లే వేయించాడు. చుట్టూ ఇళ్ళ వరసలున్న ఈ చౌకానికంతటికీ పాత కట్టడాల పరిరక్షణ సంఘం పెట్టాడు, దానికి అధ్యక్షుడయ్యాడు. పక్కింటివాళ్ళు కిటికీ మార్చుకుంటామంటే అభ్యంతరం, ఆ పక్కవాళ్ళు గోడకి గొట్టం బిగిస్తామంటే అభ్యంతరం. చుట్టుపక్కల ఆయన అభ్యంతరం చెప్పని ఇల్లు లేదు. మనిషి చెడ్డవాడు కాదు, పిచ్చివాడు. ఆ పిచ్చిని చూసే డింప్నా ఆయన్ని పెళ్ళి చేసుకుంది కాబట్టి ఎవరికి చెప్పుకుంటుంది?

ఆ సాయంత్రం మలాకీ క్యాబేజీ ఉడికించాడు, ఉప్పుమాంసం ముక్కలు కోశాడు, బంగాళాదుంపలు తొక్కతోనే పళ్ళెంలో పెట్టి ఆమె ముందుంచాడు. ఆమె పడ్డప్పటినుంచి వంట ఆయనదే. వేళకి మందులిస్తాడు, రాత్రి కాళ్ళకి నూనె రాస్తాడు. అందులో వంక పెట్టడానికి లేదు.

"గురువారం ఆ అమ్మాయికి నిజం చెప్పు," అంది డింప్నా.

"ఏ నిజం?"

"మలాకీ, గైడు వేషాలు కింద వెయ్యి. నా దగ్గర వద్దు."

ఆయన బంగాళాదుంప తొక్క తీయడం మొదలుపెట్టాడు. అంత శ్రద్ధగా ఎప్పుడూ తీయడు.

"ఆ కుర్చీ పట్టాలు మెట్లకి బోల్టులతో బిగించాలి," అంది ఆమె. "ఇంటితో పుట్టిన మెట్లకి బిగించనివ్వరు. అతికించిన మెట్లైతే బిగించనిస్తారేమో. ఆ 'ఏమో' చాలు నాకు."

"పుస్తకం అట్ట మీద ఉన్నాయే అవి."

"నేను ఈ గదిలో ఉన్నాను."

"జనం ఏమంటారు? అందరికీ సత్యం ధర్మం అని నీతులు చెప్పాను. పక్కింటి ఫించ్ గారి కొత్త కిటికీలు పీకించాను. ఇప్పుడు నావే దొంగమెట్లంటే..."

"నవ్వుతారు. నాలుగు రోజులు నవ్వి మానేస్తారు. నేను చచ్చేదాకా ఇక్కడే కూర్చోవాలి."

"వేరే దారి చూద్దాం డింప్నా."

"ఎనిమిది నెలల్నుంచి చూస్తున్నావు కదా. ఎక్కడా కనపడలేదా?"

ఆయన పళ్ళేలు తీసుకుని లేచిపోయాడు. డింప్నా వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. నిజానికి ఆ మాట ఆమే చెప్పేయవచ్చు. పైనుంచి ఒక్క కేక వేస్తే చాలు. కానీ అది ఆయన నోటి నుంచే రావాలని ఆమె పంతం. మెట్లా నేనా అన్నప్పుడు ఏది ముందు పట్టుకుంటాడో చూడాలనుకుంది. ఒకే మంచం మీద ఇన్నేళ్ళు పడుకున్న మనిషి గురించి ఆ సందేహం రావడమే అవమానంగా అనిపించింది.

గురువారం వాన పడలేదు. పదకొండింటికి ఓర్లా వచ్చింది. కట్టడాల ఆఫీసు నుంచి వచ్చిన ముప్ఫై ఏళ్ళ పిల్ల, గొంతు మెత్తన. ముందు పైకి వచ్చి డింప్నాని పలకరించింది, చెయ్యి పట్టుకుంది, "మీరు గీకిన మెట్ల గురించి కాలేజీలో చదువుకున్నానండీ," అంది. డింప్నాకి ఆ పిల్ల నచ్చింది. నచ్చకపోతే బాగుండేది, తిట్టుకోడానికి వీలుండేది.

తర్వాత ఓర్లా టార్చిలైటు తీసుకుని కిందికి వెళ్ళింది. డింప్నా ఊతకర్రల మీద లేచి, పై మెట్టు దాకా నడిచి, రెయిలింగుని ఆనుకుని నిలబడింది. కింద మలాకీ బట్టతల, మోకాళ్ళ మీద కూర్చున్న ఓర్లా వీపు కనిపిస్తున్నాయి. మొదటి మెట్టు వైపు చూడగానే అలవాటుగా ఆమె కాలు వెనక్కి తగ్గింది. పడ్డప్పటినుంచీ అంతే. మెదడు దిగమంటుంది, కాలు ససేమిరా అంటుంది.

ఓర్లా మెట్టు అంచుల్ని వేలితో తడిమింది. కింద నుంచి, పక్క నుంచి చూసింది. అటూ ఇటూ కొలిచింది. లేచి మోకాళ్ళు దులుపుకుంది.

"మిస్టర్ టార్పీ, ఎలా చెప్పాలో తెలీడం లేదు. కుర్చీ ఎందుకు కావాలో నాకు అర్థమైంది. కానీ ఇది ఇంటితోపాటు వచ్చిన పని. ఇంత చెక్కుడుతో ఈ వైపు మిగిలిన మెట్లు ఇవే. వీటికి రంధ్రాలు పెట్టమని నేను సిఫార్సు రాయలేను. మీరే నా స్థానంలో ఉంటే రాస్తారా?"

డింప్నా రెయిలింగు మీదికి వంగింది. చెప్పు. ఒక్క ముక్క. నీ నోటితో ఇన్ని వేలమందికి అబద్ధం చెప్పావు కదా, ఒక్క మనిషికి నిజం చెప్పు.

మలాకీ కళ్ళజోడు తీశాడు. తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకోలేదు.

"అవి ఈ ఇంటివి కావు," అన్నాడు.

"ఏమిటండీ?"

"ఈ ఇంటి మెట్లు కాదమ్మా ఇవి. ఈ ఇంటివి చలికాలంలో తగలేశారు. ఇవి నేను తెచ్చి అతికించినవి. పుస్తకంలో రాసింది, రోజూ చెప్పేది, అంతా అబద్ధం. నువ్వు కాలేజీలో చదువుకున్నది కూడా అబద్ధమే. మేకు దిగ్గొట్టుకో, బోల్టు బిగించుకో, ఏం ఫరవాలేదు. మా ఆవిడ కిందికి దిగాలి."

డింప్నాకి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఆ బట్టతలని చూస్తే ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ ప్రేమ పుట్టుకొచ్చింది. అన్నాడు, అనేశాడు. ఇక దిగిపోయినట్టే.

"ఎక్కణ్ణించి తెచ్చారు?" ఓర్లా గొంతు మారింది.

"ఎదురు వరస. తొమ్మిదో నంబరు."

"తొమ్మిదో నంబరా!" ఓర్లా గభాలున మళ్ళీ మోకాళ్ళ మీద కూలబడింది. "అయ్యో దేవుడా! తొమ్మిదో నంబరులో గడపచెక్క కూడా మిగల్లేదని కదా అందరం అనుకుంటున్నది! రెండు మసక ఫోటోలు తప్ప ఏమీ లేవు. ఆ మెట్లేనా ఇవి? మొత్తం వరసా? పైమలుపుతో సహా?"

"ఆ... మొత్తం," అన్నాడు మలాకీ. ఏం జరుగుతోందో ఆయనకి అప్పుడే అర్థమైనట్టుంది.

"అయితే మొత్తం ఆ వరసంతటికీ మిగిలిన ఒకే ఒక్క ముక్క ఇది. ఇంటితో పుట్టిన మెట్లంటే ఇంకా ఇరవై ఇళ్ళలో ఉన్నాయి మిస్టర్ టార్పీ. ఇలాంటిది ఇంకోటి లేదు. బోల్టు కాదు కదా, నన్నడిగితే తివాచీ కూడా వెయ్యనివ్వను. మా పైవాళ్ళని తీసుకొచ్చి కొలతలు తీయించాలి. అసలు రోజూ వీటి మీద నడవడం..." ఆ పిల్ల మాట మధ్యలో ఆపి తల పైకెత్తింది. డింప్నా మొహం కనపడింది. "క్షమించండి మిసెస్ టార్పీ. నిజంగా. వేరే దారి చూద్దాం."

డింప్నాకి నవ్వొచ్చింది. ముందు సన్నగా, తర్వాత పక్కటెముకలు నొప్పెట్టేలా. పరువు పోగొట్టుకుని మొగుడు తెచ్చిచ్చిన తాళంచెవి తలుపుని ఇంకో చుట్టు బిగించింది! నవ్వుతూ నవ్వుతూనే ఏడుపొచ్చింది. ఏడుపు అయిపోయేసరికి కోపం మిగిలింది. మలాకీ మీద కాదు, ఆ పిల్ల మీదా కాదు. ఇన్నాళ్ళూ ఎవరో తెరుస్తారని కిటికీ దగ్గర కూర్చున్న తన మీదే.

ఊతకర్రల్ని కిందికి జారవిడిచింది. అవి దడదడా దొర్లుకుంటూ వెళ్ళి మలుపు దగ్గర ఆగాయి. ఓర్లా ఉలిక్కిపడింది, పాపం, చెక్కుడు తీగకి తగిలిందేమోనని. డింప్నా రెయిలింగు పట్టుకుని, మెల్లగా, బాగున్న కాలు మీద బరువు ఆపుకుంటూ, పై మెట్టు మీద కూర్చుంది.

"డింప్నా! ఏం చేస్తున్నావ్? డాక్టరు ఏం చెప్పాడు?" అంటూ మలాకీ పైకి పరుగెత్తుకొచ్చాడు.

"నిలబడి దిగొద్దన్నాడు. కూర్చుని దిగొద్దనలేదు."

"ఆగు, నేను పట్టుకుంటాను."

"నువ్వు పట్టుకుంటే ఇద్దరం పడతాం. ముందు నడువు. అమ్మాయ్ ఓర్లా, కూర్చుని దిగడానికి పర్మిషన్ కావాలా?"

"అక్కర్లేదండీ," అంది ఓర్లా. గోడకి అతుక్కుపోయి దారి ఇచ్చింది.

చేతులు వెనక ఆన్చి, నడుము ఎత్తి, కింది మెట్టు మీదికి జారింది. తుంటిలో కత్తి దిగినట్టైంది. పళ్ళు కొరుక్కుంది. మళ్ళీ జారింది. చంటిపిల్లలు దిగినట్టు దిగుతోంది, మంచి గౌను మడతలు పడి మోకాళ్ళ మీదికి వస్తోంది, అయినా ఆగలేదు. ఏ మెట్టు అంచున తీగ ఎలా వంపు తిరుగుతుందో ఆమె వేళ్ళకి ఇంకా తెలుసు. ఈ మలుపు దగ్గరే పోయినసారి పడింది. అక్కడికి వచ్చేసరికి రెయిలింగుని రెండు చేతులా పట్టుకుంది. కళ్ళు మూసుకుని, కింద మెట్టు మీద కూర్చున్న మలాకీ భుజాన్ని పాదంతో తడుముకుంది. ఆయన కదలకుండా ఉన్నాడు. ఆ భుజానికి మడమ ఆనించి ఇంకో మెట్టు దిగింది.

"నొప్పిగా ఉందా?" అన్నాడు ఆయన, వెనక్కి తిరగకుండా.

"ఉంది. మాట్లాడకు."

కింది హాల్లో నాపరాళ్ళ మీద కూర్చుండిపోయి కాసేపు ఊపిరి తీసుకుంది. ఓర్లా మలుపు దగ్గరి ఊతకర్రలు తెచ్చింది; మలాకీ, తనూ చెరో రెక్కా పట్టుకుని లేపారు. ఆమె ముందుగది వైపు చూడను కూడా చూడలేదు. "తలుపు తియ్యి," అంది. మలాకీ తీశాడు. వెలుతురు మొహం మీద కొట్టింది. గుమ్మం ముందు రాతిమెట్లు కూడా అలాగే కూర్చుని దిగింది. చౌకమంతా చూసింది. తపాలావాడు సైకిలాపి మరీ చూశాడు. మిసెస్ ఫించ్ తన పాత కిటికీ తెరిచి చూసింది. చూస్తే చూడనీ.

ఎదురు ఫ్లాట్ల ముందు కన్సెప్టా చేతిలో బ్రెడ్డుతో నోరు వెళ్ళబెట్టి నిలబడి ఉంది.

"నీకేమైనా పిచ్చిపట్టిందటే? గౌను చింపుకున్నావు!"

"టీ పెట్టు," అంది డింప్నా.

ఊతకర్రల మీద రోడ్డు దాటుతుంటే ఒక కారు ఆగి దారి ఇచ్చింది. ఎండ వీపుకి తగులుతోంది. ఇంత చిన్న రోడ్డు దాటడానికా ఇన్ని నెలలు పట్టింది అనుకుంది. మలాకీ అటువైపు పేవ్‌మెంటు దాకా వచ్చి ఆగిపోయాడు. ఆ ఫ్లాట్ల గడప ఎప్పుడూ తొక్కనని ఆయన ఒకప్పుడు పదిమంది ముందు శపథం చేశాడు. ఆమె వెనక్కి తిరిగి రమ్మనలేదు, వద్దనలేదు.

కన్సెప్టా ఇల్లు రెండో అంతస్తు. లిఫ్టు కంపు కొట్టింది, నడిచింది. టీ చేదుగానే ఉంది. డింప్నా మూడు కప్పులు తాగింది. కన్సెప్టా తుంటికి వేడినీళ్ళ సంచీ పెట్టి, చిరిగిన గౌను విప్పించి తనది తొడిగించింది. పొద్దువాలే వేళకి ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చున్నారు. ఎదురుగా తన ఇల్లు. ఎర్ర ఇటుకల మీద సాయంత్రపు ఎండ పడుతోంది. ఎంత అందంగా ఉంది! ఆ ఇంటిని డింప్నా ఇప్పటికీ ప్రేమిస్తోంది. మళ్ళీ అందులోకి వెళ్ళాలంటే మాత్రం భయమేస్తోంది. రెండూ నిజమే. ఒకదాన్ని చూసి ఇంకోటి పోవడం లేదు.

"అదిగో, ఆ పెద్ద కిటికీ," అంది కన్సెప్టా. "రోజూ నీ తల కనపడేది ఇక్కడికి. తుడవడానికి మర్చిపోయిన బొమ్మలా కూర్చునేదానివి. ఏడుపొచ్చేది నాకు. అందుకే కిందికొచ్చి తిట్టేదాన్ని."

ఏడు దాటుతుండగా బయట లిఫ్టు ఆగిన చప్పుడైంది. తలుపు తట్టారు. కన్సెప్టా తీసింది. గుమ్మంలో మలాకీ, కోటు వేసుకుని, చేతిలో సంచీతో. అందులో ఆమె రాత్రి గౌను, మందులు, చెప్పులు.

"లిఫ్టు..." అన్నాడు, ఏం మాట్లాడాలో తెలీక. "బాగానే వచ్చింది పైకి."

"రాకేం చేస్తుంది దొరగారూ! మీరెవరో దానికి తెలీదుగా," అంది కన్సెప్టా. "రండి లోపలికి. నా ఇంటికి రక్షణేం లేదు, ఎక్కడైనా కూర్చోవచ్చు."

మలాకీ కూర్చోలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఎదురుగా ఇల్లు కనపడగానే అలవాటు కొద్దీ గొంతు సవరించుకున్నాడు. "చూడు డింప్నా, పై అంతస్తులకి వెళ్ళేకొద్దీ కిటికీలు ఎలా చిన్నవవుతూ..." అంటూ ఆగిపోయాడు. పెద్ద కిటికీలో ఖాళీ కుర్చీ కనపడింది. ఇక్కడి నుంచి అంత స్పష్టంగా కనపడుతుందని ఆయనకి ఎన్నడూ తెలీదు. చాలాసేపు దాన్నే చూశాడు.

"ఇంటికి ఎప్పుడొస్తావు?" అన్నాడు చివరికి.

"రాను మలాకీ."

ఆ మాట అనేదాకా ఆమెకీ తెలీదు రానని. ఇప్పుడు అన్నాక అదే నిజమని తెలిసింది. చెంపల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"నన్ను ఎవరైనా మోసుకుని పైకెక్కించగలరు. దిగడం మాత్రం ఇంకోసారి నావల్ల కాదు. ఈ ఒక్కసారికే ప్రాణం పోయినంత పనైంది."

"మరి ఇల్లు? ఆ మెట్లు..." మలాకీ కిటికీ వైపు చెయ్యి చూపించాడు. "నేను లేకపోతే వాటినెవరు చూస్తారు?"

"మెట్లకేం భయం లేదు," అంది డింప్నా. "వాటిని చూసుకోడానికి చట్టం ఉంది. నన్ను చూసుకోడానికి నువ్వే ఉన్నావు."

కన్సెప్టా వంటింట్లోకి వెళ్ళి కెటిల్ పెట్టింది. మలాకీ ఇంకాసేపు ఆ ఇంటివైపు చూశాడు. తర్వాత కోటు విప్పి, తలుపు వెనక కొక్కేనికి తగిలించాడు.